విశాఖ నగరం మొగ్గు ఎటు? 4,414 మెజారిటీ 5,04,247 అయిన లెక్కను ఎలా చదవాలి

మధురవాడ_పాఠకుడు అడిగిన ప్రశ్న:

పెద్ద నగరాలు కాలం గడిచేకొద్దీ ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీ వైపు జరుగుతాయంటారు. విశాఖ విషయంలో ఆ జరుగుడును అంకెల్లో ఎలా పట్టుకోవాలి? నా దగ్గరున్న ముక్కలు ఒకదానికొకటి అతకడం లేదు.

2019లో రాష్ట్రమంతా వైసీపీ గాలి, 175లో 151 సీట్లు. కానీ విశాఖ తూర్పు, పశ్చిమం, ఉత్తరం, దక్షిణం నాలుగూ టీడీపీవే. అదే రోజు, అవే బూత్‌లలో ఎంపీ సీటు మాత్రం 4,414 ఓట్ల తేడాతో వైసీపీకి వెళ్లింది. 2021 మార్చిలో జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్) ఎన్నికల్లో 98 వార్డులకు 58 వైసీపీ గెలిచింది. 2024లో ఎంపీ సీటు 5,04,247 మెజారిటీతో టీడీపీకి వచ్చింది. ఐదేళ్లలో ఊరు ఇన్నిసార్లు మనసు మార్చుకుందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

ఏ లెక్కలు తీసుకోవాలి, అవి ఎక్కడ దొరుకుతాయి, ఎక్కడ బోల్తా పడతాం? తెలిసినవాళ్లు చెప్పండి. ఏ పార్టీ మంచిదన్న గొడవ ఇక్కడ వద్దండి.

---

ఫారం_ఇరవై:

ముందు సీట్లు పక్కన పెట్టండి. మెజారిటీలను అసలే నమ్మకండి. ఓట్లు తీసి వరసగా రాయండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

2019 ఎంపీ ఎన్నికలో ఎం.వి.వి.సత్యనారాయణ (వైసీపీ) 4,36,906. శ్రీభరత్ (టీడీపీ) 4,32,492. వి.వి.లక్ష్మీనారాయణ (జనసేన) 2,88,874. పురందేశ్వరి (బీజేపీ) 33,892. 2024లో శ్రీభరత్ 9,07,467, బొత్స ఝాన్సీ (వైసీపీ) 4,03,220.

2019లో విడివిడిగా నిలబడ్డ మూడు పార్టీలు 2024లో ఒక్కటయ్యాయి. పాత ఓట్లనే కలిపి చూడండి: 7,55,258. అంటే ఒక్క ఓటరూ మనసు మార్చుకోకపోయినా, కాగితం మీద కూటమికి వైసీపీ కన్నా 3,18,352 ఎక్కువ. ఐదు లక్షల మెజారిటీలో ఇది పొత్తు తెచ్చిన భాగం. మిగిలేది 1,85,895. ఇందులోనూ వైసీపీకి తగ్గినవి 33,686 ఓట్లే. మిగతా 1,52,209 కూటమికి కొత్తగా చేరినవి: కొత్త ఓటర్లు, 2019లో ఓటుకు రానివాళ్లు, చిన్నాచితకా అభ్యర్థుల వైపు నుంచి వచ్చినవాళ్లు.

రెండు జాగ్రత్తలు. 33 వేలు అనేది నికర తేడా మాత్రమే. లక్షమంది అటు పోయి, అరవై ఆరు వేలమంది కొత్తగా ఇటు వచ్చినా నికరం అదే కనిపిస్తుంది. మొత్తం ఓట్ల నుంచి ఎవరు ఎటు మారారో చెప్పలేం. రెండోది, 2019లో జనసేన పొత్తు బీఎస్పీ, వామపక్షాలతో. పైగా లక్ష్మీనారాయణ గారికి పడినవాటిలో పార్టీ చూసి కాక మనిషిని చూసి వేసినవీ ఉంటాయి. ఆ 2.88 లక్షలూ కూటమికే వచ్చాయనుకోవడం లెక్క సౌలభ్యం కోసం, అంతే.

గాజువాక ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. 2019లో తిప్పల నాగిరెడ్డి (వైసీపీ) 75,292, పవన్ కళ్యాణ్ 58,539, పల్లా శ్రీనివాసరావు (టీడీపీ) 56,642. 2024లో పల్లా 1,57,703, గుడివాడ అమర్‌నాథ్ (వైసీపీ) 62,468. మెజారిటీ 95,235, ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోకెల్లా పెద్దది. పేపర్లు ‘గాజువాక తిరగబడింది’ అన్నట్టు రాశాయి. 2019లోనే ఓడిన ఇద్దరి ఓట్లు కలిపితే 1,15,181, గెలిచినాయనకు ఒకటిన్నర రెట్లు. వైసీపీకి తగ్గింది 12,824. గాజువాక 2019లో వైసీపీ వైపు తిరిగిందీ లేదు, 2024లో అక్కడి నుంచి తిరగబడిందీ లేదు.

ఇక అసలు కొలత. నగరం మొగ్గు తెలియాలంటే నగరాన్ని నగరంతో కాదు, రాష్ట్రంతో పోల్చాలి. రాష్ట్రమంతా గాలి ఎటు వీస్తే విశాఖలో అంకె కూడా అటు కదులుతుంది. దాన్ని తీసేశాక మిగిలేదే ఊరి సొంత మొగ్గు. లోక్‌సభ ఓట్లలో వైసీపీ వాటా చూడండి. 2014లో రాష్ట్రంలో 45 శాతం దగ్గర, విశాఖలో 41 దగ్గర. 2019లో రాష్ట్రంలో దాదాపు 50, విశాఖలో 35. 2024లో రాష్ట్రంలో 40కి కాస్త తక్కువ, విశాఖలో 29 దగ్గర.

తేడా 4, 15, 11. నగరం రాష్ట్రానికి ఎడంగా జరిగింది 2014, 2019 మధ్య. 4,414 ఓట్లతో వైసీపీ గెలిచిన ఏడాదే ఆ పార్టీకి విశాఖ ఈ మూడు ఎన్నికల్లోకెల్లా ఎక్కువ దూరంగా ఉంది. 5 లక్షలతో ఓడిన ఏడాది ఆ ఎడం కొంచెం తగ్గింది కూడా. సీట్లు చూసేవాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది.

---

ఉక్కునగరం_సెక్టార్:

పై లెక్క బాగుంది. కానీ పదేళ్ల అంకెలతో ‘కాలంతో మార్పు’ తేలదు, వెనక్కి వెళ్లాలి.

1984 నుంచి విశాఖ ఎంపీల వరస: భాట్టం శ్రీరామమూర్తి (టీడీపీ), 1989 ఉమా గజపతిరాజు (కాంగ్రెస్), 1991 ఎం.వి.వి.ఎస్.మూర్తి (టీడీపీ), 1996, 1998 టి.సుబ్బరామిరెడ్డి (కాంగ్రెస్), 1999 మళ్లీ మూర్తి, 2004 నేదురుమల్లి జనార్దనరెడ్డి (కాంగ్రెస్), 2009 పురందేశ్వరి (కాంగ్రెస్), 2014 కంభంపాటి హరిబాబు (బీజేపీ), 2019 సత్యనారాయణ (వైసీపీ), 2024 శ్రీభరత్ (టీడీపీ). పదకొండు ఎన్నికల్లో వరసగా రెండోసారి గెలిచింది సుబ్బరామిరెడ్డి ఒక్కరే. 2009 తర్వాత ఏ పార్టీ కూడా సీటు నిలబెట్టుకోలేదు.

ఇదే ఊళ్లో తూర్పు నియోజకవర్గంలో వెలగపూడి రామకృష్ణబాబు 2009 నుంచి వరసగా నాలుగుసార్లు, పశ్చిమంలో గణబాబు 2014 నుంచి మూడుసార్లు. ఎమ్మెల్యే దగ్గర స్థిరంగా ఉండే ఓటరే ఎంపీ దగ్గరికొచ్చేసరికి మారుస్తున్నాడు. ఎందుకంటే ఎమ్మెల్యేతో రోజూ పని పడుతుంది: ఇంటి పట్టా, కొండవాలు మీద మెట్లదారి, కుళాయి కనెక్షన్. ఎంపీ అంటే స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే జోన్, అంటే ఢిల్లీతో తేల్చుకోవాల్సిన పనులు. పార్టీలు కూడా ఈ సీటుకు చాలాసార్లు పైనుంచి అభ్యర్థిని దింపాయి. సుబ్బరామిరెడ్డి, జనార్దనరెడ్డి నెల్లూరు వాళ్లు, 2014లో ఓడిన విజయమ్మ గారిది కడప. స్థానికుడా కాదా అన్న గొడవ ఇక్కడ ప్రతి ఎంపీ ఎన్నికకీ లేచేది అందుకే.

ఇంకా వెనక్కి పోతే నగరాన్ని తయారుచేసిందే కేంద్రం పెట్టుబడి. 1933లో పోర్టు, 1941లో సింధియా వాళ్ల షిప్‌యార్డ్, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ (ఇప్పటి హెచ్‌పీసీఎల్), తర్వాత బీహెచ్‌పీవీ (భారీ యంత్రాల సంస్థ), జింక్, ఉక్కు ఫ్యాక్టరీలు. 1951లో లక్షా ఎనిమిది వేల జనాభా ఉన్న ఊరు 2011 నాటికి 17.28 లక్షలు. 2005లో గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి జీవీఎంసీ చేయడం వల్ల వచ్చిన పెరుగుదల కూడా అందులో ఉందని మర్చిపోకండి. జనం పెరగడం ఒకటి, గీత జరపడం ఒకటి.

1966 ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం తర్వాత, 1967లో ఈ ఊరు లోక్‌సభకు పంపింది తెన్నేటి విశ్వనాథం గారిని, ఇండిపెండెంటుగా. 1981లో తొలి కార్పొరేషన్ ఎన్నికల్లో బీజేపీ గెలిచి ఎన్.ఎస్.ఎన్.రెడ్డి గారు మేయరయ్యారు, ఆ పార్టీ పుట్టి అప్పటికి ఏడాదే. చదువుకున్న ఉద్యోగులు, బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కేంద్ర సంస్థల సిబ్బంది, రైల్వే వాళ్లు ఉన్న ఊరు కాబట్టి దక్షిణాదిలో అది ఇక్కడ సాధ్యమైందని నా అభిప్రాయం. ఉక్కు కార్మికుల్లో ఎర్రజెండా యూనియన్ల బలం ఎంత ఉన్నా అది శాసనసభ ఓటుగా మారదు. గుర్తింపు యూనియన్ ఎన్నికకీ సాధారణ ఎన్నికకీ ఒకే మనిషి వేరువేరుగా వేస్తాడు. 2021 జీవీఎంసీలో సీపీఐకి ఒకటి, సీపీఎంకి ఒకటి, అంతే.

ఆ ఏడాది జనవరి 27నే ప్లాంటులో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్ర కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. మార్చి 10న పోలింగ్. ఊరంతా ధర్నాల్లో ఉండగా బీజేపీకి 98లో ఒక్క వార్డు దక్కింది. మూడేళ్లకు అదే బీజేపీ ఉన్న కూటమికి తొమ్మిది లక్షల ఓట్లు. ‘ఉక్కు సమస్య ఓటును నిర్ణయిస్తుంది’ అనేవాళ్లు ఈ రెండింటినీ కలిపి వివరించగలగాలి.

---

మధురవాడ_పాఠకుడు:

ఇద్దరికీ థాంక్సండి. బూత్ స్థాయిలో చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఎండాడ, పీఎం పాలెం వైపు కొత్త అపార్ట్‌మెంట్లు ఒకలా, వన్‌టౌన్ ఒకలా ఓటేస్తున్నాయా అని చూడాలనుంది. కులాల వారీగా కూడా తేలుతుందా?

---

ఫారం_ఇరవై:

రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో ‘ఫారం 20’ అని నియోజకవర్గాల వారీగా ఉంటుంది. ఒక్కో వరస ఒక్కో బూత్: అభ్యర్థుల ఓట్లు, నోటా, మొత్తం. ఎంపీ ఎన్నికకు కూడా అసెంబ్లీ సెగ్మెంట్ల వారీగా విడిగా దొరుకుతుంది. విశాఖకు ఏడు: తూర్పు, పశ్చిమం, ఉత్తరం, దక్షిణం, గాజువాక, భీమిలి, శృంగవరపుకోట. చివరిది విజయనగరం వైపు పల్లెలు, నగరం లెక్కలోంచి తీసేయండి. పెందుర్తిలో చాలా భాగం జీవీఎంసీలో ఉన్నా అది అనకాపల్లి లోక్‌సభ కిందికి వస్తుంది, దాన్ని కలుపుకోండి. ఈ రెండు సవరణలూ చెయ్యకుండా ‘విశాఖ నగరం ఓటు’ అనకూడదు.

చాలా ఫైళ్లు స్కాన్ చేసిన కాగితాలే. కంప్యూటర్‌తో చదివిస్తే 3, 8 కలిసిపోతాయి, గీత పక్కనున్న 1 మాయమవుతుంది. ప్రతి వరసనూ అడ్డంగా కూడి బూత్ మొత్తంతో, ప్రతి అభ్యర్థినీ నిలువుగా కూడి చివరి మొత్తంతో సరిచూడండి. రెండూ కలిసేదాకా ముందుకెళ్లొద్దు. పోస్టల్ ఓట్లు చివర ఒకే వరసగా ఉంటాయి, వాటిని ఏ బూత్‌కీ పంచకండి. విశాఖలో ప్రభుత్వోద్యోగులు ఎక్కువ, ఎన్నికల డ్యూటీ పడ్డవాళ్లు పోస్టల్‌లో వేస్తారు. కాబట్టి సీతమ్మధార, ఎంవీపీ కాలనీ లాంటిచోట బూత్ అంకె ఆ కాలనీ ఓటులో కొంత భాగాన్ని చూపించదు.

తర్వాతి మెట్టు దగ్గరే అందరూ పడిపోతారు. 2019లో 112వ నంబరు బూత్, 2024లో 112వ నంబరు బూత్ ఒకటే అనుకుంటారు. ఎన్నికల ముందు ప్రతిసారీ బూత్‌లను సర్దుతారు. ఓటర్లు పరిమితి దాటితే పక్కన ‘ఎ’ అని అదనపు బూత్ పెడతారు, లేదా విడగొట్టి నంబర్లన్నీ కిందికి జరుపుతారు. మొదట్లో ఒక్క నంబరు జరిగితే చివరిదాకా తప్పే. కాబట్టి నంబరుతో కాదు, వీధులతో కలపాలి. ఓటర్ల జాబితాలో ప్రతి భాగం మొదటి పేజీలో ఆ బూత్ కిందికి వచ్చే వీధులు, సెక్షన్లు, పోలింగ్ కేంద్రం భవనం పేరు ఉంటాయి. రెండు ఏళ్ల జాబితాలూ ముందు పెట్టుకుని, ఒక కాలనీకి చెందిన ఎనిమిది పది బూత్‌లను ఒక గుంపుగా కట్టండి. గుంపు లోపల వీధులు అటూ ఇటూ మారినా గుంపు మొత్తం పెద్దగా చెడదు. 2009 కన్నా వెనక్కి వెళ్లొద్దు. అప్పట్లో విశాఖ-1, విశాఖ-2, పెందుర్తి, భీమిలి అని ఉండేవి. పునర్విభజనలో గీతలన్నీ మారాయి.

గుంపు కట్టాక నాలుగే గడులు చాలు: నమోదైన ఓటర్లు, పోలైనవి, ఎమ్మెల్యేకు పార్టీల వాటా, ఎంపీకి పార్టీల వాటా. చివరి రెండింటి మధ్య తేడాయే క్రాస్ ఓటింగ్. 2019లో మీకు అర్థంకాని ముడి (నలుగురు టీడీపీ ఎమ్మెల్యేలు, వైసీపీ ఎంపీ) ఈ గడిలో విడిపోతుంది. ఎంపీ ఓటులో జనసేన వాటా ఎమ్మెల్యే ఓటుకన్నా ఎంత పెరిగిందో, ఆ పెరుగుదల ఎవరి ఖాతాలోంచి వచ్చిందో బూత్ గుంపుల వారీగా చూడండి. ఆ ఏడాది ఉత్తరంలో గంటా శ్రీనివాసరావు 1,944తోనే బయటపడ్డారు కాబట్టి అక్కడ మొదలుపెడితే మంచిది.

కులం విషయం: తేలదు. జాలరిపేటలో ఒక బూత్ ఫలానా పార్టీకి 70 శాతం ఇచ్చిందంటే ఆ బూత్ ఇచ్చిందనే అర్థం. అక్కడి మత్స్యకారులు 70 శాతం వేశారని కాదు. మిగతా 30 శాతంలో ఎవరున్నారో మీకు తెలియదు. టీవీల్లో చెప్పే కులాల లెక్కల్లో ఎక్కువ భాగం ఇలా పుట్టినవే.

---

జగదాంబ_జంక్షన్:

కొత్త అపార్ట్‌మెంట్ల గురించి ఒక మాట. అక్కడ కాపురముంటున్నవాళ్లూ అక్కడి ఓటర్లూ ఒకరే కాదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి మధురవాడ, కూర్మన్నపాలెంలో అద్దెకుండేవాళ్లలో చాలామంది ఓటు సొంతూళ్లోనే ఉంచుకుంటారు. పోలింగ్ రోజు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పలాస, పార్వతీపురం బస్సులు చూస్తే తెలుస్తుంది. నేవీలో పనిచేసేవాళ్లు చాలామంది స్వస్థలంలో సర్వీసు ఓటర్లు. కాబట్టి ‘ఐటీ వాళ్లొచ్చారు, ఓటు మారింది’ అనేముందు ఆ బూత్‌లో నమోదైన ఓటర్లు నిజంగా పెరిగారా అన్నది చూడండి. పెరగకపోతే మారింది పాతవాళ్లే.

2021 జీవీఎంసీ ఫలితాన్ని పైవాళ్లు తేలిగ్గా వదిలేశారు, నాకు నచ్చలేదు. వైసీపీ 58, టీడీపీ 30, జనసేన 3, బీజేపీ, సీపీఐ, సీపీఎం ఒక్కొక్కటి, ఇండిపెండెంట్లు 4. మున్సిపల్ ఓటు అధికార పార్టీకే పడుతుందని అనేస్తారు. 2007లో, 2021లో అలాగే అయింది. కానీ 1981లో రాష్ట్రంలో కాంగ్రెస్ ఉండగా బీజేపీ, 1995లో టీడీపీ ఉండగా కాంగ్రెస్ నుంచి సబ్బం హరి మేయరయ్యారు. సూత్రంగా నిలబడదు. నా లెక్కలో 2021 అంకెలు మొగ్గు చూడ్డానికి పనికిరానివి, కారణాలు వేరు. 2012 నుంచి తొమ్మిదేళ్లు పాలకమండలే లేదు, వార్డులు 72 నుంచి 98 అయ్యాయి, గీతలు మారాయి. ఓట్లు మూడు నాలుగు ముక్కలైనచోట 35 శాతంతో కూడా వార్డు వస్తుంది. ఓటింగ్ కూడా సాధారణ ఎన్నికలకన్నా తక్కువ.

గెలిచాక జరిగింది ఇంకో పాఠం. నాలుగేళ్లదాకా మేయర్‌పై అవిశ్వాసం పెట్టకూడదన్న నిబంధన ఉంది. ఆ గడువు 2025 మార్చిలో తీరింది. కార్పొరేటర్లు అప్పటికే పార్టీలు మారుతున్నారు. ఏప్రిల్ 19న 74 ఓట్లతో అవిశ్వాసం నెగ్గింది, అదే నెల 28న టీడీపీ నుంచి పీలా శ్రీనివాసరావు మేయర్ కుర్చీలో కూర్చున్నారు. జనం ఒక్క ఓటూ వెయ్యకుండా నగరం ‘రంగు’ మారిపోయింది. మేయర్ పార్టీని చూసి ఊరి మొగ్గు రాసేవాళ్లు ఇది గమనించాలి.

ముందస్తు సూచన కావాలంటే 2023 మార్చి ఉత్తరాంధ్ర పట్టభద్రుల ఎమ్మెల్సీ ఫలితం చూడండి. మూడు రాజధానుల మాటలో విశాఖకు పరిపాలన రాజధాని అంటున్న రోజులు. అధికార పార్టీ అభ్యర్థి సీతంరాజు సుధాకర్ ఓడి, టీడీపీ నుంచి వేపాడ చిరంజీవిరావు గెలిచారు. అక్కడ ఓటేసింది మూడు పాత జిల్లాల చదువుకున్న ఓటర్లు. విశాఖ వాళ్లను విడిగా తీయలేం గానీ దిశ తెలిసింది.

---

సికింద్రాబాద్_నుంచి:

పోలికకు మా ఊరు. జీహెచ్‌ఎంసీలో 2016లో 150 వార్డులకు 99 టీఆర్ఎస్. 2020లో బీజేపీ 48కి ఎగబాకింది, మజ్లిస్ 44. అందరూ ఇక హైదరాబాద్ బీజేపీదే అన్నారు. 2023 అసెంబ్లీలో రాష్ట్రం కాంగ్రెస్‌కి వెళ్తే హైదరాబాద్ జిల్లా 15 సీట్లలో కాంగ్రెస్‌కి ఒక్కటీ రాలేదు, బీజేపీకి గోషామహల్ ఒక్కటే. మీ 2019లాగే రాజధాని నగరం రాష్ట్రానికి ఎదురు నడిచింది. ఒక మున్సిపల్ ఎన్నికను పట్టుకుని నగరం తిరిగిందనకూడదని ఇక్కడా తేలింది.

---

మధురవాడ_పాఠకుడు:

ఉత్తరంతో మొదలుపెడతానండి. 2019, 2024 ఫారం 20లు దింపుకున్నాను. ఒక అనుమానం: 2024లో ఉత్తరంలో కూటమి తరఫున బీజేపీ (విష్ణుకుమార్ రాజు) నిలబడింది, దక్షిణంలో జనసేన (వంశీకృష్ణ శ్రీనివాస్). అక్కడ ఎమ్మెల్యే గడిలో టీడీపీ సున్నా కదా, ఎలా రాయాలి?

---

ఫారం_ఇరవై:

పార్టీ పేరుతో రాయకండి. ‘కూటమి’ అని ఒక గడి పెట్టి, 2019కి టీడీపీ, జనసేన, బీజేపీ ఓట్లను కలిపి అందులో వేయండి. విడి అంకెలు పక్క గడుల్లో ఉంచండి, చెరపొద్దు. ఎంపీ గడిలో ఏడు సెగ్మెంట్లలోనూ కూటమి గుర్తు సైకిలే. ఉత్తరంలో ఎమ్మెల్యేకు కమలం, దక్షిణంలో గాజు గ్లాసు. ఒకే బూత్‌లో సైకిల్‌కి పడి కమలానికి పడనివి ఎన్నో, సైకిల్‌కి పడి గ్లాసుకి పడనివి ఎన్నో తీయండి. పొత్తు ఓటు ఎంత నమ్మకంగా బదిలీ అయిందో చూపే అంకె అదే. ఉత్తరం, దక్షిణం పూర్తయ్యాక తూర్పు, పశ్చిమాల్లో కూడా అదే తేడా తీసి పక్కన పెట్టండి. అక్కడ రెండు ఓట్లకీ గుర్తు సైకిలే కాబట్టి మనిషిని చూసి మారే ఓటు మామూలుగా ఎంత ఉంటుందో తెలుస్తుంది. మొదటి తేడాలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది గుర్తు మారినందువల్ల పోయింది.